ధనుర్మాసంలో మైలాపూరు: విజయనగరం నుంచి కచేరీల దారి

డిసెంబరు 22, విజయనగరం

ధనుర్మాసం వస్తే విజయనగరం వీధుల్లో తెల్లారకముందే హరిదాసు చిడతలు వినిపిస్తాయి. సంగీతం ఉన్న ఇళ్లలో దాంతోపాటు ఇంకో హడావుడి ఉంటుంది. మద్రాసు కచేరీల పట్టిక వచ్చిందా, ఎవరు ఎక్కడ పాడుతున్నారు, వయొలిన్ ఎవరిది, మృదంగం ఎవరిది అని. ఊరు చెన్నై అయి ఇన్నేళ్లయినా కచేరీల మాటొస్తే ఇక్కడివాళ్లకు అది మద్రాసే. బంధం పాతది మరి. 1919లో ఇక్కడ పెట్టిన గాన పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులైతే, వయొలిన్ చెప్పడానికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందినదీ ఆయనే.

ఈసారి బయల్దేరినవాళ్లలో ఎక్కువమంది వాద్యాలు నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్లకు తోడుగా పెద్దలు. ముందురోజు సాయంత్రం అందరూ కూర్చుని చేసిన పని పట్టిక మీద గుర్తులు పెట్టడం. అదో పద్ధతి ప్రకారం చెయ్యకపోతే ప్రయాణమంతా ఆటోల పాలవుతుంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి ఒకటి దాకా నగరంలో ఒక్కో సాయంత్రం పదుల సంఖ్యలో కచేరీలుంటాయి. గాయకుల పేర్లు చూసుకుంటూ పోతే ఒకే సాయంత్రానికి నాలుగు సభలు (కచేరీలు పెట్టే సంస్థలు) తేలతాయి. నాలుగూ తిరిగినవాళ్లకు నాలుగు వర్ణాలు (కచేరీ మొదట్లో పాడే రచనలు) దక్కుతాయేమో గాని ఒక్క ప్రధాన రాగమూ పూర్తిగా దక్కదు. అందుకని ముందు పక్కవాద్యాల పేర్లు చదవాలి. మంచి వయొలిన్, మంచి మృదంగం కుదిరిన చోట గాయకులు కుర్రవాళ్లయినా కచేరీ నిలబడుతుంది. పెద్ద గాయకుడికి కుదరని పక్కవాద్యం పడిందంటే మాత్రం రాగం పాడినంతసేపే సుఖం. సాయంత్రానికి ఒక్కటే ప్రధాన కచేరీ, వర్ణం నుంచి మంగళం దాకా. మధ్యాహ్నాలు మాత్రం ఎన్నయినా తిరగొచ్చు. అలా తేల్చుకున్నారు.

సామాన్లో మరవకూడనివి రెండు, గొడుగు, శాలువా. ఈశాన్య రుతుపవనం తోక డిసెంబరాఖరు దాకా అక్కడ ఊగుతూనే ఉంటుంది. శాలువా చలికి కాదు, చెన్నైలో చలెక్కడిది! హాళ్లలో ఏసీ కోసం.

డిసెంబరు 24, మైలాపూరు, తెల్లవారుజాము

కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ నాలుగు మాడవీధులు. మార్గళి, అంటే మన ధనుర్మాసం, నెలంతా పొద్దున ఐదున్నర, ఆరింటికి ఆ వీధుల్లో భజన గోష్ఠులు కదులుతాయి. హార్మోనియం మెడకు తగిలించుకున్నవారొకరు, తాళాలు పట్టినవారు నలుగురైదుగురు, వెనక పట్టుచీరల్లో మామీలు, చేతుల్లో పాటల పుస్తకాలు. ఈ వీధుల్లో మార్గళి భజనను నడిపించి నిలబెట్టిన పేరు తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్‌ది. నిలబడి ఫొటోలు తీసేవాళ్లను ఎవరూ ఏమీ అనరు. వెనక చేరి పల్లవి అందుకుంటే మాత్రం పక్కకు జరిగి చోటిస్తారు. మనవైపు గొబ్బెమ్మ పెట్టే చోట వాళ్ల ముగ్గు మధ్యలో గుమ్మడిపువ్వు. ముగ్గు తొక్కకుండా నడవడం ఇక్కడ మొదటి మర్యాద. తొక్కితే ఏమీ అనకుండా ఒక చూపు చూస్తారు, అది చాలు.

గోష్ఠి ముగిశాక గుళ్లో వెణ్‌పొంగల్ ప్రసాదం. మిరియాలు దంచకుండా గింజలుగానే వేస్తారు, నెయ్యి చేతికి అంటుతుంది. టిఫినుకు రాయర్ మెస్. సందులోపల ఉంటుంది, చిన్న గది, బయట నిలబడి పిలుపు కోసం చూడాలి. ఇడ్లీ, వడ, గట్టి చట్నీ. ఆ చట్నీలో నీళ్ల జాడ కనబడదు, పచ్చిమిర్చి ఘాటు మాత్రం తెలుస్తుంది. మనకు అలవాటైన అల్లం పచ్చడి అడగొద్దు, ఉండదు.

దారి తప్పడానికి మైలాపూరులో రెండు కారణాలు. ఒకటి మెట్రో తవ్వకాలు. లజ్ దగ్గర, రామకృష్ణ మఠం రోడ్డు మీద నిన్న ఉన్న దారి ఇవాళ ఉంటుందన్న నమ్మకం లేదు. పటం చూపించే మలుపులో రేకుల గోడ ఎదురవుతుంది. రెండోది రోడ్ల పేర్లు. టీటీకే రోడ్డును పాతవాళ్లు మౌబ్రేస్ రోడ్డంటారు. మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ ఉన్నది ముసిరి సుబ్రమణ్యం రోడ్డులో, ఆటోవాళ్ల నోట అది ఆలివర్ రోడ్డు. రెండు పేర్లూ రాసిపెట్టుకుంటే బేరం తగ్గకపోయినా మలుపు తప్పదు. సెంట్రల్ స్టేషన్ నుంచి వచ్చేవాళ్లు రోడ్డు దాటి పార్క్ టౌన్‌లో లోకల్ రైలెక్కితే తిరుమయిలై స్టేషన్లో దిగొచ్చు. టికెట్ కొద్ది రూపాయలే. అదే దూరానికి ఆటో రెండు వందలు అడిగింది.

డిసెంబరు 24, మధ్యాహ్నం

చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు. పన్నెండుకొకటి, రెండు కావస్తుండగా ఇంకొకటి. ఇవి పేరు కోసం కష్టపడుతున్న పాతికేళ్లవాళ్ల కచేరీలు. గంటన్నర మాత్రమే ఇస్తారు కాబట్టి వృథా ఉండదు. చిన్న వర్ణం, రెండు కృతులు, ఒక ప్రధాన రాగం, ఎనిమిది నిమిషాల తని (లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం), ఒక చిన్న పాట, మంగళం. హాల్లో ముప్ఫైమంది ఉంటే అందులో సగం వాయించేవాళ్ల బంధువులు. కాని నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. మూడో వరుసలో కూర్చుని వయొలిన్ వేళ్లు ఎక్కడ ఆగి జారుతున్నాయో కళ్లారా చూడొచ్చు. ఏడు గంటల కచేరీకి ఆ కుర్చీ వేల రూపాయలు.

ఒకే ఆవరణలో రెండు హాళ్లుండటం కొత్తవాళ్లకు చిక్కు. టీ.నగర్ వాణీమహల్లో పెద్ద హాలు కాక ఓబుల్ రెడ్డి హాలు వేరే ఉంది. నారద గాన సభలో పెద్ద హాలు సద్గురు జ్ఞానానంద హాలు, లోపల చిన్న హాలు మరొకటి. సభ పేరు చూసుకుని లోపలికి వెళ్తే మనం అనుకున్న మృదంగం బదులు నాట్యం గజ్జెలు వినబడొచ్చు. గేటు దగ్గర ఆ రోజు బోర్డు చదివే లోపలికి నడవాలి.

ఇక క్యాంటీను. సీజన్లో సభ పక్కన పందిరి వేసి పేరున్న వంటవాళ్లకు అప్పగిస్తారు. టికెట్ కొనకుండా క్యాంటీనుకే వచ్చి పోయేవాళ్లున్నారు, వాళ్లను ఎవరూ చిన్నచూపు చూడరు. ముందు కౌంటర్లో డబ్బు కట్టి టోకెన్ తీసుకుని తర్వాత చోటు వెతుక్కోవాలి. మధ్యాహ్నం అరిటాకు భోజనం మనిషికి నాలుగైదు వందలు, సాయంత్రం టిఫిను కాఫీతో కలిపి రెండు వందల పైమాట. మన భోజనంతో తేడా వడ్డనలోనే తెలుస్తుంది. పప్పు ఒక్క గరిటె, అదీ నెయ్యితో శాస్త్రానికి. తర్వాత సాంబారు, రసం. పాయసం మజ్జిగ ముందు వస్తుంది. ఆవకాయ, కందిపొడి కోసం చూసే చేతులు ఆకు మీద ఊరికే తిరుగుతాయి. చాలనడానికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి ‘పోదుం’ అనాలి. మాట ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంకో గరిటె పడుతుంది.

తినవలసినవి అడై అవియల్, అరటిపువ్వు వడ, అశోకా హల్వా. ఈ హల్వా పెసరపప్పుతో చేస్తారు, త్యాగరాజస్వామి తిరువయ్యారుదే ఆ వంటకం. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే నెయ్యి పేరుకుంటుంది. విరామంలో క్యాంటీనుకు వెళ్లడం దండగ, అప్పుడు హాలంతా అక్కడే ఉంటుంది. కచేరీకి ముప్పావుగంట ముందే కానిచ్చేయాలి.

కాఫీ వరసలో నిలబడిన ఒక పెద్దావిడ మన పిల్లల తెలుగు విని వెనక్కి తిరిగారు.

“ఏ ఊరమ్మా మీది?”

“విజయనగరం అండీ.”

“ద్వారం నాయుడుగారి ఊరా! పొడుగు కమాను ఆయనదే. మా నాన్నగారు ఆయన కచేరీ విని ఇంటికొచ్చి వారం రోజులు ఆ కమాను మాటే చెప్పేవారు.” తరాల కిందట మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మాటలో అరవ యాస ఉంది, ‘ఇంటికొచ్చి’లో లేదు. తన రసికుల నోటు పుస్తకం చూపించారు. ప్రతి కచేరీకి ఒక పుట, పాట, రాగం, తాళం, రచయిత, చివర్లో వయొలిన్ గురించి ఒక్క ముక్క. ఒక పుటలో ఆ ముక్క ‘తొందర’ అని ఉంది, అంతే.

డిసెంబరు 25, టీటీకే రోడ్డు

క్రిస్మస్ నాడు శాంథోమ్ వైపు, లజ్ చర్చి వైపు జనం. సాయంత్రం ఆ దారుల్లో ఆటో పట్టుకోవడం కన్నా నడక మేలు. ఉదయం ఎనిమిది దాటాక అకాడమీలో సోదాహరణ ప్రసంగాలు. టికెట్ అక్కర్లేదు. ఒక రాగం లక్షణం, ఒక పాత పాఠాంతరం, ఒక తాళం లెక్క, ఏదైనా గంటలోపు ముగిస్తారు. ముందు వరుసల్లో పెద్ద విద్వాంసులే శ్రోతలుగా కూర్చుంటారు, ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. ఒక్కోసారి ప్రసంగం కన్నా ఆ ప్రశ్నలే గట్టిగా ఉంటాయి. సాయంత్రానికి మిగిలిన రోజువారీ టికెట్ల కోసం కౌంటర్ దగ్గర వరస కూడా పొద్దుటే మొదలవుతుంది. వెనక బాల్కనీ కొన్ని వందల్లో దొరుకుతుంది.

కుర్చీ ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. గాయకులు మధ్యలో, శ్రోతల వైపు నుంచి చూస్తే మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన కూర్చుంటారు. మృదంగం కుడి మూత శ్రోతల వైపు తిరగాలి కాబట్టి ఈ అమరిక. ఎడమచేతి వాటం వాళ్లయితే రెండూ తారుమారవుతాయి. మృదంగం నేర్చేవాళ్లు ఎడమ సగంలో, వయొలిన్ నేర్చేవాళ్లు కుడి సగంలో కూర్చుంటే చేతులు కనిపిస్తాయి. శబ్దం కోసమైతే నడిమి వరుసలు, లేదా బాల్కనీ మొదటి వరుస. బాల్కనీ కిందికి వెళ్లే వెనక వరుసల్లో మృదంగం గుముకి (ఎడమ మూత మంద్ర నాదం) మాటను మింగేస్తుంది. డబ్బు తక్కువైతే బాల్కనీకే ఓటు.

తెర లేచేసరికి ఆరూ నలభై ఐదు. గాయని శ్రుతి ఐదున్నర, అంటే హెచ్చు స్థాయి. ఈ శ్రుతికి పొట్టి మృదంగం తెస్తారు, ఒకటి, ఒకటిన్నర శ్రుతి పురుష గాయకులకైతే పొడుగుది. ఎడమ మూతకు నీళ్లతో కలిపిన రవ్వ ముద్ద అంటించి ఉంది. ఆ ముద్ద ఆరేకొద్దీ గుముకి పలచబడుతుంది, వాద్యకారుడు మధ్యమధ్య వేలు తడిపి అద్దేది అందుకే. బయటి ఉక్కపోత నుంచి ఏసీలోకి వచ్చిన తోలు పొడిబారి బిగుసుకుంటుంది, కుడి మూత శ్రుతి పైకి లేస్తుంది. రెండో పాట తర్వాత రాయి, కర్రముక్క పట్టుకుని మూత చుట్టూ తట్టడం కనబడిందంటే కారణం అదే. వయొలిన్ బిరడాలూ ఈ మార్పుకే జారతాయి. ఘటానికి ఈ సవరింపు సాధ్యం కాదు కనక శ్రుతికొకటి చొప్పున మోసుకొస్తారు. ఇవి తెలియని శ్రోతలు ‘ఇంట్లో శ్రుతి చేసుకు రాకూడదా’ అని గొణుగుతారు. వెనక వరుసలో ఆ గొణుగుడు వినబడింది కూడా.

మొదట భైరవి రాగం, అట తాళ వర్ణం. పచ్చిమిరియం ఆదియప్ప రచన. పద్నాలుగు అక్షరాల తాళం, ఐదేసి అక్షరాల లఘువులు రెండు, రెండేసి ద్రుతాలు రెండు. తాళం వెయ్యడం రానివాళ్లు ఇక్కడే తప్పిపోతారు. వర్ణం ముగిసేసరికి పావుగంట దగ్గరైంది. దానివల్ల గొంతు, వేళ్లు, మైకు మూడూ దారిలో పడ్డాయి. మైకు సరిపడలేదని గాయని రెండుసార్లు చెయ్యి ఊపారు. అది కోపం కాదు, తన ముందున్న స్పీకర్లో తంబురా వినబడటం లేదని. తంబురా వినబడకపోతే పై షడ్జం ఒక వెంట్రుకవాసి పైకి పోతుంది, హాల్లో అందరికీ తెలుస్తుంది.

తర్వాత ఒక చిన్న కృతి వేగంగా, మధ్యస్థంగా ఆలాపనతో ఒకటి, మళ్లీ వేగంగా ఒకటి. ఈ ఎత్తుపల్లాల అమరికను నేటి కచేరీకి స్థిరపరచింది అరియక్కుడి రామానుజ అయ్యంగారు. ఏడూ నలభైకి ప్రధాన రాగం, తోడి. ఆలాపన పదిహేను నిమిషాలు, వయొలిన్ జవాబు ఎనిమిది. మంద్రంలో గాంధారం దగ్గర గాయని ఆగిన తీరు చూసి పక్క కుర్చీ పెద్దాయన ‘బేష్’ అన్నారు. పెద్దగా కాదు, ముందు వరుస దాకా వెళ్లేటంత. చప్పట్లు ఆలాపన పూర్తయ్యాకే కొట్టాలి, నడుమ తల ఊపడం చాలు. ఫోన్లో రాగం పేరు వెతికే యువకులు రెండు వరుసల్లో కనబడ్డారు, తెర వెలుతురు తగ్గించుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. తొడ మీద తాళం వేసుకోవచ్చు, చప్పుడు రాకూడదు. పాట నడుస్తుండగా లోపలికి రావడం మాత్రం తప్పే. తలుపు దగ్గర ఆపినవాళ్ల మీద విసుక్కుంటే ఉపయోగం లేదు.

కృతి, నెరవల్, స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలల్లడం). నెరవల్లో ఒకే పాదాన్ని తాళం చెడకుండా తిప్పి తిప్పి పాడుతుంటే సాహిత్యం ఎంత అర్థమైందో బయటపడుతుంది. త్యాగరాజు తెలుగును అరవ గొంతులు ఎక్కడ విడదీస్తాయో మన చెవికి పట్టేస్తుంది, ఈ గాయని మాత్రం మాట విరవకుండా పాడారు. మనవైపు పిల్లలు ఇది నేర్చుకుని వెళ్లాలి. తెలుగు తల్లిభాష అయినంత మాత్రాన నెరవల్లో మాట నిలబడదు.

ఎనిమిదిన్నర అవుతుండగా తని ఆవర్తనం. సరిగ్గా అప్పుడే కుర్చీలు చప్పుడు చేశాయి. కాఫీకి వెళ్లేవాళ్లు, కారు బయటకు తీసేవాళ్లు, ఇంకో సభకు పరిగెత్తేవాళ్లు. నగరం నిండా సంగీతం తెలిసినవాళ్లున్న ఊళ్లో ఈ అలవాటు ఎలా నిలిచిందో గాని, దీన్ని క్షమించడం కష్టం. గంటన్నర సేపు గొంతు వెనక నడిచిన మనిషికి తనకంటూ దొరికేది ఈ పన్నెండు నిమిషాలే.

ఆ పన్నెండు నిమిషాల్లో ఏం వినాలో చెప్పుకోవాలి. ఆది తాళం, రెండు కళలు. అంటే ఎనిమిది క్రియలు, ఒక్కోటి రెట్టింపు నిడివి. తాళం చేత్తో వేస్తూ కూర్చుంటే మిగతాదంతా దానంతట అదే విప్పుకుంటుంది. మొదట చతురశ్ర నడక, మాత్రకు నాలుగు అక్షరాలు, తర్వాత ఘటం అదే దారిలో. ఆపై నడక మారుతుంది. ఆ సాయంత్రం ఖండ నడకకు వెళ్లారు, ఒక్కో మాత్రలో ఐదు అక్షరాలు. చెయ్యి కదలకపోయినా వేగం మారినట్టుంటుంది. తర్వాత ఇద్దరి మధ్య కొరైప్పు. రెండేసి ఆవర్తనాలతో మొదలై ఒకటి, అర, పావు అలా కురచవుతూ ఇద్దరూ కలిసేదాకా. అక్కణ్ణించి ముగింపుకు దారితీసే మోహరా, దాని వెనక కోర్వై అనే ముగింపు అల్లిక మూడుసార్లు. మూడోసారి ముగిసే చోటు సరిగ్గా పాట ఎత్తుగడకు తగలాలి. తగిలింది, గాయని అదే క్షణాన పల్లవి అందుకున్నారు. మిగిలిన శ్రోతల చప్పట్లు, లేచిపోయినవాళ్లవి కూడా కలిపినంత గట్టిగా వచ్చాయి.

చివర్లో చిన్న పాటలు మూడు, ఒక జావళి, ఒక తమిళ పదం, తిల్లానా. తొమ్మిదీ పదిహేనుకు సౌరాష్ట్ర రాగంలో మంగళం. మంగళం నడుస్తుండగా లేచి వెళ్లిపోకూడదని పక్కింటి పిల్లలకు కూడా తెలిసిన మాట. తనికి లేచినవాళ్లే ఇక్కడ చేతులు జోడించి నిలబడ్డారు.

బయట ఆటోవాళ్లు అకాడమీ ముందు నిలబడి మైలాపూరుకు రెండు వందలన్నారు. వంద గజాలు నడిచి అడిగితే నూట ఇరవై.

డిసెంబరు 26, మైలాపూరు, తిరుగు ప్రయాణం

గుడి చుట్టుపక్కల వీధుల్లో వాద్యాల దుకాణాలు. వయొలిన్ తీగలు జతలుగా కాక విడిగా కొనుక్కోవడం మంచిది, పై తీగ తొందరగా తెగుతుంది, అదొక్కటే రెండు మూడు తీసుకోవాలి. ఘటం కోసం వెళ్లినవాళ్లకు మానామదురైది, మద్రాసుది రెండూ చూపించారు. మానామదురై ఘటం బరువెక్కువ, నాదం పదును. మద్రాసుది తేలిక, వేలికి శ్రమ తక్కువ. పరీక్షించడానికి ఫోన్లో తంబురా పెట్టి, ముందు మెడ దగ్గర, తర్వాత నడుం దగ్గర, తర్వాత అడుగున తట్టి చూడాలి. నడుం చుట్టూ నాదం ఒకేలా ఉండాలి, ఒకచోట బొంగురైతే అక్కడ గోడ మందం తేడా ఉన్నట్టు. చెవి దగ్గర పెట్టి గోటితో మీటితే బీట ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. శ్రుతి వెంట్రుకవాసి ఎక్కువైతే లోపల మెత్తటి బంకమట్టి అంటించి తగ్గించొచ్చు. తక్కువైతే చేసేదేమీ లేదు, అది కొనొద్దు. దుకాణంలో పెద్దాయన ఇవన్నీ అడగకుండానే చెప్పారు, బేరం మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

రైల్లో ఘటాన్ని బెర్తు కింద పెడితే తెల్లారేసరికి పెంకులే. పాత చీరను చుట్టకుదురుగా చుట్టి దాని మీద కూర్చోబెట్టి, నోట్లో మెత్తటి గుడ్డలు కుక్కి, పై బెర్తు తలవైపు మూలకు ఆనించాలి. విజయవాడ దగ్గర ఎవరో ఆ మూటలో ఏముందని అడిగారు. చెప్తే, కుండ కోసం మద్రాసు దాకా వెళ్లారా అన్నారు.